కుడి నుంచి మూడో బల్బు

వెస్ట్ వర్జీనియాలో, ఒహాయో నది ఒడ్డున,
కెల్లర్స్ ఫెర్రీలో యూదుల ప్రార్థనామందిరం ఒక్కటే.
గాజు ఫ్యాక్టరీ మూతపడ్డాక
దుకాణాలు పోయాయి, దుకాణాలవాళ్ళూ పోయారు.
ఈ ఇటుకల కట్టడం మాత్రం
ఆఖరి బస్సు తప్పిపోయిన మనిషిలా
మలుపులో నిలబడిపోయింది.

కూలిపోకుండా చూద్దామని ఊరు చందాలు పోగేసింది.
బాప్టిస్టులు చేపల విందు పెట్టారు,
ఫైరింజను వాళ్ళు లాటరీ టిక్కెట్లమ్మారు.
పైకప్పు ఒకరికి, రంగుటద్దాలు ఇంకొకరికి.
కరెంటు పని నాకు.

అటక మీదికి పాక్కుంటూ వెళ్ళాను.
గుడ్డ చుట్టిన తీగలు, పింగాణీ గుబ్బలు,
మా తాత కాలం నాటి పనితనం.
ఎలుకలు కొరికిన చోటల్లా రాగి మెరుస్తోంది.
ఇన్నేళ్ళూ ఇది తగలబడకపోవడానికి కారణం
భక్తి కాదు, ఫ్యూజు.

కింద గోడకి పెద్ద కంచు పలక.
ఎనభై నాలుగు పేర్లు,
పేరు పేరుకీ పక్కన బొటనవేలంత బల్బు.
నాకా అక్షరాలు రావు.
ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడని
టేపు ముక్కలంటించుకుంటూ పోయాను.
మిస్ హిండా ప్లాట్నిక్ చేతికర్ర మీద వాలి చూస్తోంది.
ఎనభై తొమ్మిదేళ్ళు. ఒకప్పుడు చెప్పుల కొట్టు.
నా మొదటి బూట్లకి కొలత తీసింది ఆవిడే.
"డెల్మర్, మావాళ్ళు కుడి నుంచి మొదలవుతారు."
ఎనభై నాలుగు ముక్కలూ పీకి
మళ్ళీ అంటించాను.

"ఒక్క స్విచ్చి పెట్టేస్తాను," అన్నాను.
"చూడ్డానికి జనం వస్తే అన్నీ ఒకేసారి వెలుగుతాయి.
కమిటీ వాళ్ళూ అదే అడిగారు."
ఆవిడ కాసేపు మాట్లాడలేదు.
"అందరూ ఒకే రోజు పోలేదు కదా."

ఎవరు పోయిన తిథికి వాళ్ళ బల్బు.
తేదీ కాదు, తిథి. చంద్రుడి లెక్క.
నా వ్యానులో ఉన్న ఏ టైమరుకీ ఆ లెక్క రాదు.

కుడి నుంచి మూడో పేరు కింద
ఏడాది చెక్కారు గానీ రోజు లేదు.
"మా చిన్నాన్న మోటెల్. లిత్వేనియాలో ఉండిపోయాడు.
వసంతానికి వస్తానని రాశాడు.
ఆ తర్వాత ఉత్తరం లేదు, మనిషీ లేడు."
"మరి ఏ రోజు వెలిగిస్తారు?"
"ఉత్తరం మీదున్న రోజు.
అప్పటిదాకా ఉన్నాడని తెలుసుగా."

ఎనభై నాలుగు చిన్న స్విచ్చులు
ఓకు చెక్క పెట్టెలో బిగించాను.
రెండు వారాలు పట్టింది.
బిల్లులో నాలుగు రోజులే రాశాను,
మా ఆవిడకింకా చెప్పలేదు.
పెట్టె మూస్తుంటే మిస్ హిండా అంది,
"ఎనభై అయిదోదానికి తీగ లాగి ఉంచు.
బల్బు పెట్టకు."
ఎవరికని నేనడగలేదు.
అడ్డు చూసి, తీగ చివర టేపు చుట్టి వదిలాను.

ఫిబ్రవరిలో హంటింగ్టన్ ఆస్పత్రి నుంచి ఫోను.
గొంతు సన్నబడింది గానీ
కొట్టులో పనివాళ్ళని పురమాయించే పద్ధతి పోలేదు.
"చీకటి పడకముందే వెళ్ళు. మూడోది."
"కుడి నుంచి," అన్నాను.
"కుడి నుంచే."

మంచుకి తలుపు బిగుసుకుపోయింది,
భుజంతో రెండుసార్లు మోదాను.
లోపలికెళ్ళగానే అలవాటుగా టోపీ తీయబోయి
ఇక్కడ తీయకూడదని గుర్తొచ్చి
చెవుల మీదికి ఇంకా కిందికి లాక్కున్నాను.
స్విచ్చి వేశాను.

ఏడు వాట్ల వెలుతురు.
పేరు చదవడానికి చాలుతుంది, నాకు చదవడం రాదు.
హీటరు పని ఇంకా మొదలుకాలేదు.
ముందు వరస బల్ల మీద కూర్చున్నాను,
ఎంతసేపు కూర్చోవాలో
అడగడం మరిచిపోయాను.